ఒక్క పూట ఆపుదామని

మా ఇంటికి వచ్చిన చుట్టాన్ని మా బాపమ్మ మగ్దలేనమ్మ ఏనాడూ చెప్పిన వేళకు పోనివ్వలేదు. పోతామని లేచేసరికి చెప్పులుండవు, లేదంటే సంచి ఉండదు. చుట్టం ఇల్లంతా వెతకాలి. మేమంతా నవ్వాలి. వెతికి వెతికి ఆఖరికి "సరే తియ్యుండ్రి, తినే పోత" అని వాళ్లు పీట మీద కూర్చున్నాకే పోయిన వస్తువు బయటపడుతుంది. లక్సెట్టిపేట మామ చెప్పులు ఒకసారి వడ్ల గుమ్మిలో దొరికాయి. పాస్టరు గారి గొడుగు కోళ్ల గంప కింద దొరికింది. ఇలా దాచడం మా ఇంట్లో మర్యాద. దాచకుండా పంపించినందుకు మా మేనత్త ఒకసారి "నేను మీకు బరువైన్నా?" అని గడపలో నిలబడి ఏడ్చింది కూడా.

ఈ సంగతి నీమాకు ఎవరూ చెప్పలేదు.

నీమాది టాంజానియా. కరీంనగర్‌లో మా అక్క సలోమితో కలిసి ఫార్మసీ చదువుతోంది. వచ్చి రెండేళ్లు దాటింది. రెండు క్రిస్మస్‌లూ ఖాళీ హాస్టల్లో బ్రెడ్డు తిని గడిపిందని తెలిసి, ఈసారి అక్క ఆమెను ఆదిలాబాద్ దగ్గరున్న మా ఊరికి వెంటబెట్టుకొచ్చింది. ఆమెది హాస్టల్ మెస్సులో వంటవాళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు. "జర అన్నం పెట్టుండ్రి", "గింత చాలు", "కూర మస్తుగుంది" అనేది. ఆ మూడు మాటలకే బాపమ్మ పడిపోయింది. "ఏ దేశమైతేంది, మన పిల్లే ఇది" అని వాడంతా చెప్పుకొచ్చింది.

రెండు రోజుల్లో నేను మాత్రం ఆమెతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేదు. మా ఊరు నచ్చిందా అని ఇంగ్లీషులో ఎలా అడగాలో నోటుబుక్కులో రాసుకున్నాను. అడగలేకపోయాను. స్నానానికి వేడినీళ్లు తోడి పెట్టేదాన్ని, ఆమె "థాంక్యూ ఏంజెల్" అనేలోపు వంటింట్లోకి పారిపోయేదాన్ని. ఇంటర్ చదువుతున్న పిల్ల ఇలా ఉంటుందా అని అక్క నవ్వేది.

క్రిస్మస్ మర్నాడు పొద్దున పదకొండు గంటల బస్సుకు నీమా హైదరాబాద్ పోవాలి. ఆ మర్నాడు అక్కడ ఏదో ఆఫీసులో పని ఉందని మాకు తెలుసు. ఏం పనో ఎవరం అడగలేదు. బాపమ్మ మాత్రం తెల్లారకముందే పుంజును పట్టి కట్టేసింది.

"నాటుకోడి తినకుంట ఎట్ల పోతదే?" అంది నాతో.

"బస్సుందట బాపమ్మా."

"బస్సొక్కటేనా లోకంల? పగటాల్ల ఇంకోటి రాదా? జర గామె సంచి సంగతి చూడు." ఒక కన్ను మూసి తెరిచింది.

నీమా స్నానానికి పోయింది. ఆమె పెద్ద బ్యాగు అక్క మంచం కింద ఉంది. కొయ్యకు ఒక చిన్న నల్లసంచి వేలాడుతోంది. ముందురోజు రాత్రి ఆమె దాంట్లో ఫోన్ చార్జింగ్ పెట్టుకునే పవర్ బ్యాంకు వేసి జిప్పు మూయడం చూశాను. ఇంకేముందో నాకు తెలియదు.

గుమ్మి, గంప, మంచం కింద, అటక మీద, ఇవన్నీ అక్కకు తెలిసిన చోట్లు. నిమిషంలో పట్టేస్తుంది. ముందు అర్రలో పత్తి ఉంది. మంచి ధర కోసం ఆగి మా బాపు, అంటే నాన్న యేసుదాసు, నెల రోజులుగా ఆ అర్ర నిండా, దాదాపు రేకుల దాకా నింపాడు. శనివారం దాకా అది కదలదని బాపు నిన్ననే అన్నాడు. నేను కుప్ప వెనక్కి పోయి, గోడ పక్కన భుజం దాకా చెయ్యి లోపలికి తోసి సంచిని అక్కడ వదిలి, పైన పత్తి సర్దాను. నాకు నవ్వొచ్చింది. ఆమె కోసం నేను చేసిన మొదటి సరదా పని అది.

అప్పుడే అవ్వ, మా అమ్మ, పిలిచింది. పండుగ వంటకు చర్చి నుంచి తెచ్చిన పెద్ద గంజు తిరిగి ఇచ్చి రమ్మంది. గంజు నెత్తిన పెట్టుకుని పోయాను. అక్కడ పిల్లలంతా గిన్నెలు తోముతుంటే నేనూ కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

ముందు అర్ర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల నేల కనిపిస్తోంది. అంత పెద్ద కుప్ప లేదు. మూలల్లో నాలుగు దూది పింజలు, గోడకు పత్తి వదిలిన తెల్లటి దుమ్ము.

"అవ్వా, పత్తేది?"

"బండాయన వచ్చిండు బిడ్డా. శనివారం మిల్లు బంద్ అట, గియ్యాల్లనే తేవాలన్నడట. ఆరుగురు మనుషులు ఎగబడి ఒక్క గంటల ఎత్తిండ్రు. మీ బాపు గూడ బండిల్నే పోయిండు." పొయ్యి దగ్గర కూర్చుని మసాలా నూరుతూ చెప్పింది.

వెనక గోడ దగ్గరికి పోయి వంగి చూశాను. ఏమీ లేదు. వాకిట్లో, బండి నిలబడిన చోట, చక్రాల గుర్తుల వెంట దారి దాకా చూశాను. లేదు. చెద్దర్లలో పత్తిని మూటలుగా ఎత్తి బండిలో పోసి కాళ్లతో తొక్కుతారు. ఆ హడావుడిలో చిన్న నల్లసంచి ఎవరి కంటా పడలేదు.

అవ్వ ఫోన్ తీసుకుని ఇంటి వెనక్కి పోయి బాపుకు చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

ఇంట్లోంచి నవ్వులు వినిపించాయి.

"దేవులాడు బిడ్డా, దేవులాడు!" బాపమ్మ చప్పట్లు కొడుతోంది. "గుమ్మిల చూడు. ఆఁ, గంప లేపి చూడు. కోడి పొడుస్తది, పైలం!"

నీమా మొదట అర్థం కాక అందరి ముఖాలూ చూసింది. అక్క చెప్పింది, ఇది మా దగ్గర అలవాటని, తిని పోతానంటే సంచి ఇస్తారని. నీమా నవ్వింది. గంప కూడా లేపింది. కోళ్లు అరుచుకుంటూ పరుగెత్తితే అవ్వ కూడా నవ్వింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. బాపు సంచి చూసే ఉంటాడు, తీసి బండి ముందు పెట్టుకునే ఉంటాడు, ఇప్పుడే ఫోన్ చేస్తాడు అనుకున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. మోగలేదు.

పావుగంట అయింది. నీమా నవ్వడం ఆపింది.

"బాపమ్మా, నేను తింట. ఒట్టు, తినే పోత. నా సంచి ఇయ్యి."

"గట్లన్నవు, మంచి పిల్లవు. ఏంజెలూ, తే బిడ్డా."

అందరూ నావైపు చూశారు. నేను కదల్లేదు.

నీమా అక్కతో గబగబా ఇంగ్లీషులో మాట్లాడింది. నాకు అర్థమైంది. ఆ సంచిలో ఆమె పాస్‌పోర్టు ఉంది. ఈ దేశంలో ఉండి చదువుకోవడానికి ఇచ్చిన గడువు ఈ నెలతో అయిపోతుంది. దాన్ని పొడిగించడానికి రేపు పొద్దున పది గంటలకు అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రమ్మన్నారు. పోకపోతే చదువు మధ్యలో వదిలి తిరిగి పోవాల్సి వస్తుంది.

అక్క ముఖం తెల్లబోయింది. "ఏంజెల్, ఏడ పెట్టినవే?"

"పత్తిల" అన్నాను.

బాపమ్మ చప్పట్ల కోసం ఎత్తిన చేతులు అట్లాగే ఆగిపోయాయి. అవ్వ నూరే రాయి వదిలి లేచింది.

"ఏ పత్తిల?" అంది అక్క. అడుగుతూనే ఖాళీ అర్రవైపు చూసింది. "అవ్వో! ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇందాక."

"ఇందాకంటే ఎప్పుడే? చెప్పవా? నోట్ల ఏం పెట్టుకున్నవు?"

నీమా తెలుగు రానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. మూడు అడుగులు వేసి నా ముందుకొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మిల్లు ఏడుంది?" అంది.

పక్కింటి అజీముద్దీన్ చిచ్చా ఆటో తీశాడు. అక్క, అవ్వ మళ్లీ ఇల్లంతా, ఊరి దారంతా వెతుకుతామన్నారు. సంచి బండిలోనే పోయిందో, దారిలో పడిందో ఎవరికీ తెలియదు కదా. బాపుకు ఫోన్ చేస్తూనే ఉంటానంది అక్క. ఆ మిల్లు తెలిసిన పిల్లనని, దాచింది నేనేనని నన్ను ఎక్కించారు.

ఆటోలో నీమా నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా నావైపు చూడలేదు. రోడ్డు మీద ఎక్కడ తెల్లగా దూది కనిపించినా ఇద్దరం బయటికి వంగి చూశాం. చిచ్చాకు ఆ మౌనం భరించడం చేతకాలేదు.

"ఫికర్ చెయ్యకు బేటీ. పత్తిల పడ్డది పాడవది, పరుపు మీద పడ్డట్టే."

నీమా రోడ్డునే చూస్తోంది.

"గీ మగ్దలేనమ్మ గూడ. నా ఆటో తాళం ఒక్కసారి దాసింది. సేమ్యా తినేదాక ఇయ్యలే. పోలీసోల్ల కిరాయి పోయింది నాకు."

"చిచ్చా, జల్ది" అంది నీమా.

మిల్లు గేటు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. మా బండి బయట లేదు. లోపలికి పరుగెత్తాం. కాంటా దాటి ఆవరణలోకి పోతే అక్కడ మా ఇల్లంత ఎత్తు పత్తి కుప్పలున్నాయి. మా బండి ఒక కుప్ప పక్కన ఖాళీగా నిలబడి ఉంది. బాపు చీపురుతో దాంట్లో మిగిలిన పత్తి ఊడుస్తున్నాడు. ఆ కుప్పకు ఆ చివర ఒక లావుపాటి రేకు గొట్టం ఉంది. దాని మూతి దగ్గర ఐదారుగురు ఆడవాళ్లు చేతులతో పత్తిని తోస్తుంటే గొట్టం లోపలి మిషన్‌లోకి లాక్కుంటోంది. ఆ చప్పుడులో పక్కవాళ్ల మాట కూడా వినిపించదు. బాపు ఫోన్ ఎందుకు ఎత్తలేదో అర్థమైంది.

నన్ను చూసి బాపు చీపురు దించాడు. "నువ్వేంది బిడ్డా ఈడ?"

చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. వింటున్నంతసేపూ ఆయన నావైపు కాక, కుప్ప దగ్గర నిలబడి పత్తి చూస్తున్న ఒకాయన వైపు చూశాడు. ఆయన మిల్లు గుమస్తా కరుణాకర్ అని తర్వాత తెలిసింది.

"సంచిల ఏమేమున్నయ్?"

"పాస్‌పోర్టు. పవర్ బ్యాంకు గూడ."

బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గా మాట ఇంకొకలతోని అనకు. ఇన్నవా? పత్తిల ఇనుమున్నదంటే బండెడు పత్తీ ఎనకకు తోలుతరు. మిషన్ల ఇనుము పడితే నిప్పులు లేస్తయి, మిల్లు మొత్తం అంటుకుంటది. గీ యేసుదాసు పత్తిల ఇనుము తెచ్చిండని తెలిస్తే చుట్టుపక్కల ఏ మిల్లోడు మనది ముట్టడు. ఏడాది కష్టం. మనమే మెల్లగ దేవులాడుదాం."

బాపు చెప్పింది నిజమే. పత్తి అర్రకు ఆయన అగ్గిపెట్టె కూడా రానివ్వడు. పత్తి ఏరే కూలీలు బీడీ వెలిగిస్తే మనిషిని పంపేస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పత్తికి మాట రాలేదు.

ముగ్గురం కుప్పలోకి దిగాం. కింద పడింది ఏదో వెతుకుతున్నట్టు చేతులతో తీసి పక్కకు పోశాం. తీసినకొద్దీ పైనుంచి జారి మళ్లీ నిండుతోంది. ఇంతలో ఇంకో బండి వెనక్కి వచ్చి దాని పత్తి మా కుప్ప మీదే దించింది. ఎక్కడి దాకా మాది, ఎక్కడి నుంచి వాళ్లది, కలిసిపోయింది. ఆ చివర గొట్టం ఆగకుండా లాక్కుంటూనే ఉంది. కుప్ప అటువైపు నుంచి తరిగిపోవడం కంటికి కనిపిస్తోంది.

నీమా లేచి నిలబడింది. జుట్టు నిండా దూది. "మిషన్ ఎందుకు ఆపరు?"

నేను చేతుల్లోని పత్తి చూస్తూ ఉండిపోయాను.

"ఏంజెల్. బాపుకు చెప్పు, ఆపమని చెప్పమను."

బాపుకు వినిపించింది. తల ఎత్తలేదు.

నీమా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకు ఆపమనడం లేదో ఆమెకు తెలియదు. మేము ఆమె కోసం వెతుకుతున్నామో, వెతుకుతున్నట్టు నటిస్తున్నామో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఇంక మమ్మల్ని అడగలేదు. పత్తిలో పడుతూ లేస్తూ గొట్టం వైపు పరుగెత్తింది. కరుణాకర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఏయ్, ఏయ్! ఎవలమ్మా నువ్వు? మిషన్ కాడికి పోవద్దు."

"సార్, నా పాస్‌పోర్టు పత్తిల ఉంది. జర ఆపుండ్రి సార్."

"పాస్‌పోర్టా?" ఆయన పక్కవాళ్లను చూసి నవ్వాడు. "పత్తి తెస్తరు, తేమ తెస్తరు, ఆకు తెస్తరు. పాస్‌పోర్టు తెచ్చినోల్లను ఇయ్యాల్లనే చూస్తున్న."

"ఐదు నిమిషాలు సార్."

"ఒక్కసారి ఆపితే మళ్ల ఎత్తుకునేసరికి గంట పడ్తది తల్లీ. బయట ముప్పై బండ్లున్నయ్. కాగితమే గదా, పోతే ఇంకోటి తీస్కోరాదు? పో, గేటు బయట నిలబడు."

నీమా ఆయన కాళ్ల మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. వాచ్‌మన్ వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

కాగితం కోసం మిల్లు ఆగదు. దేనికి ఆగుతుందో నాకు తెలుసు. బాపు నావైపు చూశాడు. తల కొంచెంగా, వద్దన్నట్టు ఊపాడు.

"ఇనుమున్నది!" అన్నాను.

ఆ చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. నేను కుప్ప మీదికి ఎక్కాను. మోకాళ్ల దాకా దిగబడ్డాను. నా జన్మలో నేనంత గట్టిగా అరవలేదు.

"పత్తిల ఇనుమున్నది! సంచిల పవర్ బ్యాంకు ఉన్నది! అంటుకుంటది! ఆపుండ్రి!"

ముందు విన్నది గొట్టం దగ్గరి ఆడవాళ్లు. వాళ్లు చేతులు వదిలేసి ఒక్కసారే వెనక్కి దూకారు. వాళ్లలో పెద్దామె భూమవ్వ లోపలికి తిరిగి, "బంద్ చెయ్యుండ్రో! బంద్!" అని అరుస్తూ పరుగెత్తింది. ఎవరో మీట దించారు. గొట్టం చప్పుడు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. ఆవరణంతా నిశ్శబ్దం. బయట బండ్ల హారన్లు వినిపించాయి.

"ఎవనిది గీ పత్తి?" కరుణాకర్ గొంతు ఇప్పుడు వేరుగా ఉంది.

బాపు మెడలోని తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాది సార్."

"యేసుదాసూ, నువ్వా?"

"నాదే సార్. పిల్లలు తెలువక చేసిండ్రు. మా ఇంటికొచ్చిన పిల్ల సంచి. తప్పు నాది."

నేను కుప్ప మీదే ఉన్నాను.

తర్వాత అందరూ వెతికారు. హమాలీలు, గొట్టం దగ్గరి ఆడవాళ్లు, బండ్ల డ్రైవర్లు, గేటు దగ్గర ఆటో వదిలి వచ్చిన చిచ్చా, ఇరవై మంది దాకా అయ్యారు. భూమవ్వ అందరినీ వరసగా కూర్చోబెట్టింది. "ఎవల ముందటిది వాల్లే తీయాలె. కలబెట్టకుండ్రి, ఎనకకు పొయ్యుండ్రి" అని పని పంచింది. ముందు గొట్టం వైపు తీశారు. అరగంట అయింది, లేదు. నడిమి భాగం తీశారు. లేదు. పదకొండు గంటల బస్సు వెళ్లిపోయే ఉంటుంది. ఆ మాట ఎవరూ అనలేదు. గొట్టంలోకి ఇదివరకే పోయిందేమోనని ఒక డ్రైవర్ అంటే భూమవ్వ అతని మీద లేచింది. "పోతే నువ్వు నేను గిట్ల కూసుంటుంటిమా? నోరు మూసుకొని తియ్యి."

సంచి దొరికినప్పుడు పన్నెండు కావస్తోంది. గొట్టానికి అన్నిటికంటే దూరంగా, మా బండి దించిన మొదటి చోట, తర్వాతి బండి పత్తి కింద ఉంది. నీమా చేతికే తగిలింది. బయటికి లాగి జిప్పు తీసింది. నీలిరంగు అట్ట తెరిచి తన ఫోటో చూసుకుంది. మళ్లీ మూసింది. మళ్లీ తెరిచి చూసింది. అప్పుడు ఏడ్చింది.

కరుణాకర్ సంచి దొరికిన చోటును, గొట్టాన్ని చూపులతోనే కొలిచాడు. "మిషన్ ఈడికి రావాలంటే మూడు గంటలు దాటుతుండె. మీరు మెల్లగ దేవులాడుకున్నా దొరుకుతుండె."

బాపు విన్నాడు. నేనూ విన్నాను. అయితే అది అప్పుడు ఎవరికి తెలుసు?

"నీ బండెడు నువ్వు ఎత్తుకపో యేసుదాసూ. నేను తీసుకోలేను. ఇంక ఏమున్నయో దాంట్ల."

"సరే సార్."

మిషన్ ఎట్లాగూ ఆగింది కాబట్టి ఆడవాళ్లు నీడకు కూర్చుని సద్దులు విప్పారు. భూమవ్వ నీమా చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "ముఖం చూడు ఎట్ల పీక్కపోయిందో. తిను బిడ్డా." జొన్నరొట్టె మీద మిరపకాయ తొక్కు వేసి చేతిలో పెట్టింది. ఇంకొకామె వంకాయ కూర గిన్నె జరిపింది. నీమా సంచిని కడుపుకు అదిమి పట్టుకుని రొట్టెను చూస్తూ కూర్చుంది.

చిచ్చా ఎవరినో అడిగి వచ్చాడు. "పన్నెండున్నరకు ఒక బస్సు ఉన్నదట. అది పోతే ఇంక నేను చెప్పలేను. పండుగ రష్షు, సాయంత్రం బస్సులల్ల నిలబడే జాగ గూడ దొరకదు."

బస్టాండు అక్కడికి పావుగంట దూరం. అప్పుడే నా చేతిలోని అవ్వ ఫోన్ మోగింది. సంచి దొరికిందని అక్కకు ఇందాకే చెప్పాను. ఇది బాపమ్మ.

"దేవునికి స్తోత్రం బిడ్డా! నా పానం ఇప్పుడు లేచొచ్చింది. ఇగ తోలుకరా పిల్లను. కోడి కూర అయింది, అన్నం దించిన. ఆమె పెద్ద బ్యాగు గూడ ఈడనే ఉన్నది. గింత తిని, అలసట తీర్సుకొని పోతది."

గొంతు పెద్దది. నీమాకు కూడా వినిపించింది. ఇంటికి పోతే నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు. ఆమె నావైపు చూసింది. "బాపమ్మ బాధ పడ్తదా?" అని మెల్లగా అడిగింది. రెండు రోజులు మా ఇంట్లో తిన్న మనిషి. ఆ ముఖం చూస్తే, నేను రమ్మంటే వచ్చేటట్టే ఉంది.

"రాదు బాపమ్మా" అన్నాను.

"ఏందీ?"

"ఆమె రాదు. నేనే పోనిస్తున్న. బ్యాగు అక్క తర్వాత కరీంనగర్ తెస్తది."

"అట్లనొద్దే! వండింది వండినట్టుంది. మనింట్ల నుంచి ఆకలితోని పోయినోల్లున్నరా ఇంతవరకు? ఫోన్ ఆమెకియ్యి, నేను మాట్లాడుత."

"ఇయ్య" అన్నాను. ఫోన్ పెట్టేశాను. బాపమ్మ మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

భూమవ్వ నోరు నొక్కుకుంది. "అదేం పిల్లవే, పెద్దమనిషి పిలుస్తుంటే! తినే ముందట్నుంచి లేపుతవా?"

"లేపుత" అన్నాను. "అక్కా, లే. బస్సు పోతది."

నీమా లేచింది. రొట్టె అట్లాగే చేతిలో ఉంది. భూమవ్వ ఇంకో రెండు రొట్టెలు తీసి, తొక్కు మధ్యలో పెట్టి, మడిచి పేపర్లో చుట్టి ఆమె సంచిలో కాదు, చేతిలో పెట్టింది. "సంచిల పెడ్తే మళ్ల ఎవలన్న దాస్తరు" అంది. ఆడవాళ్లు నవ్వారు. నీమా నవ్వలేదు. భూమవ్వ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆటో కదిలాక చేతిలోని రొట్టె తిని ఆమె పేపరు విప్పింది. ఒక రొట్టె చిచ్చాకు అందించింది. ఆయన ఒక చేత్తో బండి నడుపుతూ ఇంకో చేత్తో తిన్నాడు. రెండో రొట్టెను సగానికి చించి నావైపు చాచింది.

నేను తీసుకోలేదు.

"తిను" అంది. "నీ మీద కోపం పోలే నాకు. చానా ఉన్నది. తిను."

తీసుకుని తిన్నాను. తొక్కు కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. కారానికేనని అనుకుని ఉంటుంది.

బస్టాండులో బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కి డ్రైవరు వెనక సీటులో ఇరుక్కుని కూర్చుంది. సంచి తాడు మెడలో వేసుకుంది. కిటికీలోంచి నాకు చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా మాత్రం ఆమె నావైపే చూసింది.

తిరిగి మిల్లుకు పోయేసరికి గొట్టం మళ్లీ మొదలైంది. బాపు ఒక్కడే చెద్దరులో పత్తి మూట కట్టి బండిలోకి ఎత్తుతున్నాడు. డ్రైవరు పైన నిలబడి తొక్కుతున్నాడు. ఇంకా ముప్పావు వంతు నేల మీదే ఉంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. తిడతాడని చూశాను. కొంచెంసేపు ఆయన నన్ను చూడనట్టే పని చేశాడు.

"బస్సెక్కిందా?" అన్నాడు చివరికి.

"ఎక్కింది."

"ఏమన్న తిన్నదా?"

"రొట్టె తిన్నది బాపూ."

ఆయన తల ఊపాడు. నేల మీద ఇంకో చెద్దరు పరిచి, దాని రెండు కొసలు నావైపు విసిరాడు.

"పట్టు."